పది కోళ్ళూ అయిపోయాయి

నాయుడుపేట,
సెప్టెంబరు 9.

హజరత్తయ్య కారికి,

ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ ప్రేమలీల నమస్కారాలు. మొన్న మీకు ఫోన్ చేశాను. మీరు “ఆఁ? ఆఁ? రొయ్యలు అయిపోయినాయి, రేపు రాండి” అని పెట్టేశారు. రెండోసారి మీ కోడలు చెంచమ్మ ఎత్తి, “మామకు వినపడదు మేడం. మా ఇంట్లో చదవను రాయను వచ్చింది ఆయనకొక్కడికే. ఏమున్నా కాగితం మీద పెట్టండి” అని చెప్పింది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మీ మనవరాలు రోజా బంగారం లాంటి పిల్ల. తొమ్మిదో తరగతిలో అంత చక్కగా చదివేవాళ్ళు లేరు. కానీ ఒక దురలవాటు ఉంది. రాయడానికి నాకే సిగ్గుగా ఉంది. కోళ్ళు కొరుకుతుంది.

ఎవరూ చూడకుండా కిటికీ పక్కన నిలబడి కొరుకుతుంది. రక్తం వచ్చినా వదలదు. లెక్కల పరీక్ష రోజున కంటలో పది కోళ్ళూ అయిపోయాయి. కొత్తవి కాస్త పెరిగాయో లేదో మళ్ళీ మొదలు. కట్టిగా తిట్టాను, బుజ్జగించాను. “నాకు తెలియకుండానే నోట్లోకి పోతా ఉండాయి మేడం” అంటుంది. కాలి వచ్చిన రోజున మరీ ఎక్కువ, ఎందుకో తెలియదు.

హాస్టల్ కమిటీ ప్రెసిడెంటు కారు కూడా చూశారు. డిసెంబరు లోపల ఈ అలవాటు పోకపోతే పిల్లను ఇంటికి పంపేయమన్నారు. మంచి పిల్ల, చదువు ఆకిపోతుందని నా బాధ. ఇంటి దగ్గర కూడా ఇలాగే చేసేదా?

ఇట్లు,
ప్రేమలీల

తా.క.: రోజాను చూసి దాని కదిలో మరో ఇద్దరు పిల్లలు కూడా కోళ్ళు కొరకడం నేర్చుకున్నారు.

*

నడిమికుప్పం,
సెప్టెంబరు 14.

వార్డెనమ్మ గారికి హజరత్తయ్య దండాలు.

ముందుగా ఒక మాట. నాకు కారు లేదమ్మా. ఉండేది పడవ ఒకటి, అది నాకూ నా కొడుకు సుబ్బుకూ కలిపి. కారు ఉన్న హజరత్తయ్య ఇంకెవురైనా ఉన్నాడేమో, ఆయనకు పోవాల్సిన ఉత్తరమేమో అని రెండు దినాలు చూరులో దోపి పెట్టినా. తర్వాత లోపల రోజా పేరు కనపడింది.

చదివి నేలమీద కూలబడినా. పచ్చి కోళ్ళా తల్లీ? మా ఇంట్లో వండిన కోడే నెలకొకసారి. మాది చేపలు తినే కొంప. కోడిపిల్లను కాకి తన్నుకుపోతే రెండు పూటలు అన్నం మానేసిన బిడ్డ అది. మీరు ‘కంటలో పది’ అని రాసినారు. మేడం కంట్లో పడినవే పది, పడనివి ఎన్నో అని చెంచమ్మ ఒకటే ఏడుపు.

కోపం తెచ్చుకోబాకండి, పిల్లకు కడుపునిండా పెడతా ఉండారు గదా? ఎండుచేపలు ఒక సంచి పంపుతా ఉండా. పోయిన కోళ్ళకు బదులు అనుకోండి.

నాకు తోచింది చెప్తా. ఆ కోళ్ళకు వేపనూనె పూయండి. నోట్లో పెట్టుకోగానే చేదు తగిలి వదిలేస్తుంది. అప్పటికీ మానకపోతే కోళ్ళను బుట్ట కింద కమ్మేయండి.

ఇంకొకటి. కాళి వచ్చిన రోజున ఎక్కువ అన్నారు. ఆ అమ్మవారు మా వంశంలో ఎవురికీ పూనలేదు. అది ఎప్పుడెప్పుడు వస్తుందో, ఎట్టా వస్తుందో వివరంగా రాయండి. చదువు మాత్రం మాన్పించబాకండి. మా కుప్పంలో పదో తరగతి పాసైన ఆడపిల్ల ఇంతవరకూ లేదు. రోజా పాసవుతుందని నేను ఈ ఒడ్డున అందరి దగ్గరా చెప్పుకున్నా.

దండాలతో,
హజరత్తయ్య

తా.క.: ముగ్గురు పిల్లలకు తలా పది అంటే ముప్పై కోళ్ళు. మీ హాస్టల్లో కోళ్ళ ఫారం ఉండాదా?

*

నాయుడుపేట,
సెప్టెంబరు 25.

హజరత్తయ్య కారికి,

“నాకు కారు లేదమ్మా” అని రాశారు. మీ మంచితనం అది. కానీ పెద్దవారిని పట్టుకుని కారు లేకుండా పిలవడం నాకు చేతకాదు. మీరు వద్దన్నా నేను కారు పెట్టే రాస్తాను.

వేపనూనె మంచి సలహా. పది కోళ్ళకూ పూశాము. మొదటి రోజు ముఖం అష్టవంకర్లు తిప్పింది. నాలుగో రోజుకు ఆ చేదుకు అలవాటు పడిపోయింది. ఇప్పుడు నూనె పూయకపోతే అడిగి పూయించుకుంటుంది. బుట్ట కింద కమ్మేయమన్నారు, బుట్ట ఎలా పడుతుందో ఎంత ఆలోచించినా తట్టలేదు. చివరకు చేతులకు సాక్సులు తొడిగాను. సాక్సులతో పెన్ను పట్టుకోలేక సైన్సు పరీక్షలో సకమే రాసింది.

చేపలు ఎందుకు పంపారో తెలియలేదు కానీ చాలా బాకున్నాయి. మా వంటమనిషి మీకు నమస్కారాలు చెప్పమంది.

కాలి ఎప్పుడు వస్తుంది, ఎలా వస్తుంది అని అడిగారు. దానికి ఒక టైమంటూ ఉంటుందా అండీ? కిటికీలోంచి వస్తుంది. వచ్చిందంటే చాలు, రోజా పుస్తకం మూసేసి అటే చూస్తూ ఉంటుంది. చెయ్యి నోట్లోకి పోతుంది. పిలిచినా పలకదు.

కోళ్ళ ఫారం ఉందా అని అడిగారు. అటువంటి ఫారం మా దగ్గర లేదు. తెల్ల కాకితం మీద రాస్తే చాలు.

ఇట్లు,
ప్రేమలీల

తా.క.: మొన్న బుధవారం కాలి ఎక్కువై మా వంటశాల రేకులు రెండు లేచిపోయాయి.

*

నడిమికుప్పం,
సెప్టెంబరు 29.

వార్డెనమ్మ గారికి,

మీ ఉత్తరం చదివినాక ఈ ఇంట్లో పొయ్యి వెలగలా. రేకులు లేపిందంటే అది చిన్నాచితకా కాళి కాదు.

మా కుప్పంలో అమ్మవారి పూజ చేసే రమణయ్యకు రెండు ఉత్తరాలూ చదివి వినిపించినా. కిటికీలోంచి వస్తుందనేసరికి ఆయన లేచి నిలబడినాడు. పిల్ల పిలిచినా పలకదు అనేసరికి మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ ఆకలి మీద ఉంది, పిల్ల చేత కోళ్ళు తినిపిస్తా ఉంది, మనమే మర్యాదగా ఒక పుంజును సమర్పించుకుంటే పిల్లను వదిలేస్తుంది అని తేల్చినాడు. శుక్రవారం పొద్దున్నే ట్రాక్టరులో నలభై మందిమి పంబలు వాయించుకుంటా మీ హాస్టల్‌కు వస్తా ఉండాం. ఆడోళ్ళంతా పసుపు చీరలు కట్టుకుంటారు. మీ ప్రెసిడెంటు గారికి కూడా ఒక మాట చెప్పి పెట్టండి.

కొరికేది నోటితో గదమ్మా, చేతులకు సాక్సులు ఎందుకు తొడిగినారు? నాకు చదువు తక్కువ, తప్పుగా అడిగితే మన్నించండి. కోళ్ళకు వేపనూనె రాసినా మరిగిందంటే నా మనవరాలిని తలుచుకుంటే నాకే భయంగా ఉండాది.

కారు పెట్టే రాస్తానన్నారు. రాసుకోండి. మా దిబ్బ మీదికి కారు రాదు.

మీ హజరత్తయ్య

తా.క.: పుంజు నల్లటిది, మంచి జాతి. పూజ అయ్యేదాకా దాన్ని రోజా కంటపడకుండా యాడ దాయాలో మీరే చూడాలి.

*

నాయుడుపేట,
అక్టోబరు 2.
(మీ వైపు వచ్చే బస్సు కండక్టరు కిషోర్ చేతికిచ్చి పంపుతున్నాను)

హజరత్తయ్య కారూ,

ఎవరూ రావద్దు! దయచేసి ఎవరూ రావద్దు! ట్రాక్టరు ఎందుకు? పంబలు ఎందుకు? పుంజు ఏమిటి? ప్రెసిడెంటు కారికి ఈ విషయం తెలిస్తే డిసెంబరు దాకా కూడా ఆకరు, ఆ రోజే పిల్లను ట్రాక్టరు ఎక్కించి పంపేస్తారు.

ఇక్కడ ఉన్న కష్టం చాలు. రోజాకు కుడిచేతి చూపుడు వేలికి కోరుచుట్టు లేచింది. వేలు వాచి చీము పట్టింది. పెన్ను పట్టుకోలేక, జడ వేసుకోలేక పిల్ల ఏడుస్తున్నది. డాక్టరు కారి దగ్గరికి తీసుకుపోయాను. చీము తీసి, కట్టు కట్టి, మందులు రాశారు. ఈ కొరకడం మానకపోతే మిగతా వేళ్ళకూ వస్తుందన్నారు.

వేపనూనె, సాక్సులు అన్నీ చెప్పాను. ఆయన, “అన్నీ వేళ్ళకే చేశారు. పిల్లకు ఎక్కడ భయం పుడుతున్నదో చూశారా? తిడితే ఇంకా దాచుకుని కొరుకుతుంది. చేతులకు వేరే పని ఇవ్వండి, ఆ భయం ఏమిటో ఇంటివాళ్ళను అడకండి” అన్నారు. అందుకని అడుకుతున్నాను. మీ మనవరాలికి దేనికి భయం?

ఇట్లు,
ప్రేమలీల

తా.క.: పుంజును నిజంగానే తెస్తున్నారా?

*

నడిమికుప్పం,
అక్టోబరు 4.

ప్రేమలీలమ్మ గారికి,

కిషోర్ మీ ఉత్తరం ఇచ్చేసరికి జనం ట్రాక్టరు ఎక్కి ఉండారు. పంబలు మోగతా ఉండాయి. పుంజు నా సంకలో ఉంది. ఒక చేత్తో పుంజును, ఒక చేత్తో మీ ఉత్తరాన్ని పట్టుకుని చదివినా. ‘కోరుచుట్టు’ కాడ ఆగిపోయినా. కోరు అంటే ఏందిరా అని సుబ్బును అడిగినా. “వేలు వాచి చీము పట్టిందంటే గోరుచుట్టే గదా నాయనా” అని వాడు తన బొటనవేలు చూపించినాడు. వల లాగేటప్పుడు వాడికీ వచ్చి ఉంది.

గోరు! నేను ట్రాక్టరు కాడనే కూలబడి మీ ఉత్తరాలు తెప్పించి, క ఉన్నకాడల్లా గ పెట్టి మొదటినుంచి చదివినా. కోళ్ళు గోళ్ళు అయినాయి. కంట గంట అయింది. కారు గారు అయింది. గట్టిగా చదువుతా ఉంటే ఒక్కొక్కరే ట్రాక్టరు దిగి పొట్టలు పట్టుకున్నారు. రమణయ్య ఒక్కడే ముఖం మాడ్చుకుని పంబ చంకన పెట్టుకుని ఇంటికి పోయినాడు. మా అందరి నవ్వూ అయినాక ఇంకో మాట మిగిలింది. కాలి వచ్చిన రోజున మరీ ఎక్కువ.

గాలి. నాకు నవ్వు ఆగిపోయింది తల్లీ.

రోజాకు ఎనిమిదేళ్ళప్పుడు తుఫాను గాలికి నేనూ సుబ్బూ పడవ తిప్పుకోలేక పులికాట్ అవతల దిబ్బ మీద రెండు దినాలు చిక్కుకుపోయినాం. మూడో దినం ఒడ్డుకు వచ్చేసరికి అది ఒక్కటే ఇసకలో కూర్చొని ఉంది. పది వేళ్ళకూ రక్తం. అప్పుడు నేను ఏం చేసినానో తెలుసా? ఎత్తుకోలా. నవ్వినా. “చేపలు రాలేదని నా మనవరాలు గోళ్ళు తినేసిందిరా” అని కుప్పమంతా చెప్పినా. పెళ్ళిళ్ళలో చెప్పినా, సంతలో చెప్పినా. ఆరేళ్ళుగా అదే నాకు పెద్ద తమాషా. నేను చెప్పినప్పుడల్లా పిల్ల చేతులు వెనక్కి దాచుకునేది. భయపడిన బిడ్డను అట్టా ఏడిపించినా నేను. సిగ్గుగా ఉంది.

ఇంటికాడ ఉన్నప్పుడు గాలి లేస్తే ఒడ్డుకు పరిగెత్తి పడవ వచ్చిందా లేదా చూసుకునేది. మీ నాయుడుపేటలో అదేం చూస్తుంది? మీ కిటికీలోంచి గాలి కనపడుతుందిగానీ పడవ కనపడదు గదా.

ఇకమీదట ఇట్టా చేద్దాం. నాకు వినపడదుగానీ ఫోను మోగించడం వచ్చు. రోజూ వేట నుంచి వచ్చి పడవ ఒడ్డున కట్టేసినాక మీ ఫోనుకు ఒక్క రింగు ఇస్తా. ఎత్తబాకండి. తాత దిగినాడు అని రోజాకు చెప్పండి, చాలు. వల అల్లే చెక్కసూదీ నూలుదారమూ పంపుతా ఉండా. వేలు మానినాక, చెయ్యి నోటికాడికి పోతా ఉందని తెలిసిన చణాన సూది పట్టుకోమనండి. గాలికి పడవ తియ్యని దినాల్లో మేమందరం చేసే పని అదే. అది ఎంత అల్లితే అంతా నా వలకు కలుపుకుంటా.

మీ హజరత్తయ్య

తా.క.: పుంజు బతికిపోయింది. చెంచమ్మ దానికి ప్రేమలీల అని పేరు పెట్టింది. పుంజుకు ఆడపేరు ఏందే అంటే, దాని ప్రాణం కాపాడింది ఆ మేడమే గదా అంటా ఉంది.

*

నాయుడుపేట,
అక్టోబరు 20.

హజరత్తయ్య గారికి,

మన్నించండి. మీ ఉత్తరం చదివి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మాది ఆరంబాకం పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆ బడిలో క, గ రెంటికీ గలిపి ఒక్కటే అక్షరం. తేడా నోటికి తెలుసు, చేతికి తెలియదు. ఇన్నేళ్ళుగా రిజిస్టర్లలో ఏమేమి రాశానో తలుచుకుంటే గాళ్ళు చల్లబడుతున్నాయి. ఇక ఒక్క తప్పూ రానివ్వను.

రోజాను పక్కన గూర్చోబెట్టుకుని సాక్సులు తీసేశాను. “గాలి వస్తే తాత గుర్తొస్తాడా?” అని అడిగాను. అంతే, దాని గన్నీళ్ళు ఆగలేదు. “ఇక్కడినుంచి ఒడ్డు గనపడదు మేడం” అంది. ఆ గిటికీ దగ్గర నిలబడినందుకే నేను ఎన్నిసార్లు తిట్టానో. నాకూ ఏడుపు వచ్చింది.

మీ మొదటి రింగు నిన్న సాయంత్రం నాలుగింటికి వచ్చింది. రోజా నా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, అది ఆగేదాకా చూసి, “తాత దిగినాడు” అని వంటశాల దాకా పరిగెత్తింది. గట్టు విప్పిన వేలు మానుతున్నది. గమిటీ వారు మాత్రం గడువు మార్చేది లేదన్నారు, డిసెంబరు ఆరో తారీఖున వస్తారట. ఆ రోజు పది గోళ్ళూ చూపించాలట.

ఇట్లు,
ప్రేమలీల

తా.క.: ఈ గాగితం మొత్తం రెండుసార్లు దిద్దుకున్నాను. తప్పులు లేవు గదా?

*

నడిమికుప్పం,
నవంబరు 2.

ప్రేమలీలమ్మకు,

గాళ్ళు, గన్నీళ్ళు, గిటికీ, గమిటీ. ఈసారి గ దండిగా పండింది తల్లీ.

ఒక సులువు చెప్తా, గుర్తు పెట్టుకో. కూసేదానికి క, గీరేదానికి గ. కోడి కూస్తుంది, గోరు గీరుతుంది.

రోజా పంపిన వల ముక్క అందింది. కన్నులు ఒక్కటి పెద్దది, ఒక్కటి చిన్నది. అయినా నా వలకు కలిపేసినా. అందులో పడే చేప ఏదో ఒకటి పడుతుందిలే. పెళ్ళిళ్ళలో ఇప్పుడు ఆ పాత తమాషా చెప్పడం లేదని దానికి చెప్పు. మన కోళ్ళ కత చెప్తా ఉండా, జనం దీనికే ఎక్కువ నవ్వతా ఉండారు.

నీ పెద్దాయన,
హజరత్తయ్య

తా.క.: పుంజు ప్రేమలీల కూడా పొద్దున్నే “గొక్కొరొకో” అంటా ఉంది. పేరు మహిమ.

*

నాయుడుపేట,
డిసెంబరు 7.

పెద్దాయన హజరత్తయ్య గారికి,

నిన్న కమిటీ వారు వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దుటినుంచీ ఒకటే గాలి. కొబ్బరి మట్టలు రాలి పడుతున్నాయి. పరీక్ష గాలికా, పిల్లకా అనుకుంటూ నేను నాలుగింటి కోసం చూస్తున్నాను. నాలుగైంది. మీ రింగు రాలేదు. నాలుగున్నర అయింది, రాలేదు. నేనే మీకు చేస్తే స్విచ్ ఆఫ్. ఫోన్ పాడైందేమో అని వంటమనిషి చేత నా ఫోన్‌కు రింగు ఇప్పించుకున్నాను, బాగానే మోగింది. ఐదైంది. కమిటీ వారి జీపు గేటులోకి వచ్చింది. రోజా సంగతి ఏమవుతుందో అని దాని దగ్గరికి పరిగెత్తాను.

అది మంచం మీద కూర్చుని నింపాదిగా వల అల్లుతున్నది. “రోజా, తాత రింగు రాలేదే!” అన్నాను. అది తల కూడా ఎత్తలేదు. “ఈ గాలికి తాత పడవ తియ్యడు మేడం. పడవే తియ్యకపోతే ఒడ్డున దిగేదెట్టా? దిగకపోతే రింగు ఎందుకు ఇస్తాడు? ఇంట్లో కాళ్ళు చాపుకుని వల అల్లుకుంటా ఉంటాడు. కరెంటు పోయి ఫోను చచ్చిపోయి ఉంటుంది” అంది.

ప్రెసిడెంటు గారు రోజా చేతులు రెండూ అటూ ఇటూ తిప్పి చూశారు. పది వేళ్ళకు పది గోళ్ళు, గులాబీ రంగులో, ఒక్కటి కూడా వంకర లేకుండా. “భేష్. పదో తరగతి అయ్యేదాకా ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుంది” అని రిజిస్టరులో రాశారు. వార్డెన్ సంతకం చేయాలని పెన్ను నా చేతికి ఇచ్చారు. ఇచ్చి, నా చేతినే చూస్తూ ఉండిపోయారు.

పది గోళ్ళూ అయిపోయాయి పెద్దాయనా. నావి. నాలుగింటికి, ఐదింటికి మధ్య. చెయ్యి నోట్లోకి ఎప్పుడు పోయిందో నాకు తెలియనే తెలియదు. చిటికెన వేలికి రక్తం కూడా వచ్చింది. మూడు నెలల కిందట మీకు రాసిన మొదటి ఉత్తరంలో దురలవాటు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరు ఒడ్డున దిగారో లేదో తెలియని ఆ గంట ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. ఎనిమిదేళ్ళ పిల్ల అట్లాంటి రెండు రోజులు కూర్చుంది.

ప్రెసిడెంటు గారు, “వచ్చే కమిటీకి వార్డెన్ గారు కూడా చేతులు చూపించాలి” అని చెప్పి వెళ్ళారు. అందుకని చెక్కసూది ఇంకొకటి పంపండి. పడవ తియ్యని రోజున రెండు రింగులు ఇవ్వండి.

మీ కూతురు లాంటి,
ప్రేమలీల

తా.క.: రోజా నా వేళ్ళకు వేపనూనె పూసి సాక్సులు తొడిగింది. పెన్ను పట్టుకోవడానికి లేదు. నేను చెబుతుంటే ఈ ఉత్తరం రాస్తున్నది అదే. క దగ్గర క, గ దగ్గర గ పడ్డాయంటే అందుకే.

ఇంకో తా.క.: తాతా, ఇది నేను. రెండు రింగులు మరిచిపోబాక. మేడం ఏడుస్తుంది. – రోజా